టన్ను గుమ్మడికాయ ఎక్కడ మొదలవుతుంది?

"ఏ ఇంజక్షన్ ఇచ్చారో!"

ఎవరో పంపిన వీడియో ఫోన్‌లో చూడగానే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. వెడల్పాటి పట్టీలు చుట్టి క్రేనుకు తగిలించిన గుమ్మడికాయ ఒకటి మెల్లగా గాల్లోకి లేస్తూ ఉంటుంది. పక్కన నిలబడ్డ మనిషి దాని ముందు పిల్లవాడిలా కనిపిస్తాడు. 2025 అక్టోబరులో ఇంగ్లండులో ఇయాన్, స్టూవర్ట్ పేటన్ అనే కవల సోదరులు తూకానికి తెచ్చిన కాయ 1278 కిలోలకు పైగా తూగి, అప్పటిదాకా ఉన్న ప్రపంచ రికార్డును దాటింది. యాభై కిలోల బియ్యం బస్తాలు పాతిక పేర్చినా ఆ బరువుకు సరిపోవు. సంతలో పది కిలోల గుమ్మడికాయ కొని సంచిలో పట్టక చంకనెత్తుకుని వచ్చే మనకు అనుమానం రావడం సహజం.

ఆ అనుమానం వెనకాలే రెండో ప్రశ్న వస్తుంది: "ఆ గింజ ఒకటి తెప్పించి మన పెరట్లో వేస్తే కాస్తుందా?"

రెండూ మంచి ప్రశ్నలే. మొదటిది కాయ బరువు ఎక్కడి నుంచి వస్తుందో వెతకమంటుంది. రెండోది ఆ బరువులో గింజ వాటా ఎంత, నేల వాటా ఎంత అని అడుగుతుంది. ముందు మొదటిది చూద్దాం.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టేవారికి సగం జవాబు తెలుసు. తరిగిన ముక్కలకు ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి, పైన రాయి పెడతారు. తెల్లారేసరికి కింద గిన్నె నిండా నీళ్లు, మూటలో పిడికెడు పిప్పి. దాని చుట్టమైన తియ్య గుమ్మడిదీ ఇదే తీరు. పదింట తొమ్మిది వంతులు నీరే. అంటే రికార్డు కాయలో 1100 కిలోలకు పైగా నీళ్లున్నాయన్నమాట.

మిగిలిన ఆ పదో వంతు మట్టిలోంచి వచ్చిందా? పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు ఇదే తెలుసుకోవాలనుకున్నాడు. ఎండబెట్టిన మట్టి 200 పౌండ్లు తూచి తొట్టిలో పోశాడు. అందులో ఒక చిన్న విల్లో మొక్క నాటి, ఐదేళ్ల పాటు నీళ్లు మాత్రమే పోశాడు. ఐదేళ్ల తర్వాత చెట్టు 164 పౌండ్లు పెరిగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచి చూస్తే తగ్గింది రెండు ఔన్సులే, అరవై గ్రాములు కూడా లేదు. చెట్టంతా నీటి నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. గాలి వాటా సంగతి తర్వాతి తరాలు కనిపెట్టాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని కలిపి ఆకు ఎండ సాయంతో చక్కెర వండుతుంది. కాయలో ఉన్న తీపి, పిండి, పీచు అన్నీ ఆ వంటలోంచి వచ్చినవే.

కాబట్టి టన్ను కాయ కాయాలంటే మూడు పనులు జరగాలి. వేరు తాగాలి, ఆకు వండాలి, తీగ మోయాలి. జోరు మీదున్న రోజుల్లో ఈ కాయ రోజుకు ఇరవై కిలోలకు పైగా పెరుగుతుంది. గంటకు దాదాపు కిలో! అంత నీటినీ చక్కెరనూ సూదితో ఎక్కించే ఇంజక్షన్ ఎక్కడా లేదు. పైగా తోలుకు చిల్లి పడితే ఆ దారిన బూజు దూరి కాయ కుళ్లిపోతుంది. తీగకు వత్తి గుచ్చి పాలు తాగిస్తే కాయ ఊరుతుందని పడమటి దేశాల పల్లెల్లో పాత నమ్మకం ఒకటి ఉంది. అదీ అంతే, బరువు ఆ దారిన రాదు.

వేరు ఎంత తాగగలదో చాలావరకు మట్టిని బట్టి ఉంటుంది. తీగ ఎంత మోయగలదో చాలావరకు గింజ గుణాన్ని బట్టి ఉంటుంది. గింజ నాటే రోజు కన్నా ముందే సిద్ధం చేసుకోవలసినవి ఈ రెండే. కాయను అక్టోబరులో తూస్తారు. పని మాత్రం దాని ముందటి ఏడాది అక్టోబరులోనే మొదలవుతుంది.

పాదు చాలదు, మడి కావాలి

మన ఊళ్లలో గుమ్మడి పెట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. తొలకరికి పెరట్లో మూరెడు గుంట తీసి, మాగిన పెంట, పొయ్యి బూడిద కలిపి పాదు చేస్తాం. నాలుగు గింజలు గుచ్చుతాం. తీగ పందిరో, దడో, పశువుల కొట్టమో ఎక్కుతుంది. మట్టిలో మన శ్రద్ధంతా ఆ మూరెడు గుంట మీదే.

పోటీ కాయ పండించేవారు ఒక్క మొక్కకు 80 నుంచి 100 చదరపు మీటర్ల నేల సిద్ధం చేస్తారు. మన లెక్కలో చెప్పాలంటే, నూరు గజాల ఇంటి స్థలం మొత్తం ఒకే ఒక్క తీగకు రాసిచ్చినట్టు. ఎందుకంటే గుమ్మడి తీగకు ఒక గొప్ప గుణం ఉంది. నేల మీద పాకుతూ పోయే తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు దించగలదు. కణుపు మీద గుప్పెడు తడిమట్టి కప్పితే చాలు, కొద్ది రోజుల్లో అక్కడో కొత్త వేళ్ల గుత్తి మొలుస్తుంది. పెంపకందారులు తీగ సాగిన కొద్దీ ఒక్కో కణుపునూ మట్టిలో పూడుస్తూ పోతారు. వేసవి మధ్యకు వచ్చేసరికి ఆ మొక్కకు ఒకచోట కాదు, మడి పొడవునా నోళ్లుంటాయి. అందుకే మడిలో ఏ మూలా గట్టి నేల ఉండకూడదు.

మొదటి పని మట్టి పరీక్ష. మన వ్యవసాయాధికారులు రైతులకు నేర్పే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. మడిలో ఏడెనిమిది చోట్ల పై చెత్త తీసేసి, జానెడు లోతున వి ఆకారంలో గొయ్యి తీస్తారు. గొయ్యి అంచు వెంట పైనుంచి కిందికి పలుచగా మట్టి చెక్కుతారు. అన్నిచోట్ల మట్టినీ గోనె మీద పోసి కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతావి పారేస్తారు. అర కిలో మిగిలే దాకా మళ్లీ మళ్లీ అలాగే చేస్తారు. ఆ అర కిలో మడి మొత్తానికీ ప్రతినిధి. దాన్ని నీడన ఆరబెట్టి పరీక్షకు పంపిస్తారు.

ఫలితంలో మొదట చూసేది మట్టి పులుపు. దీన్ని ఉదజని సూచికతో కొలుస్తారు. ఏడు అంటే పులుపూ చౌడూ లేని నడిమి స్థితి. గుమ్మడికి ఆరున్నరకు, ఏడుకు మధ్య హాయిగా ఉంటుంది. అంతకన్నా పులుపైతే సున్నం, చౌడైతే గంధకం కలుపుతారు. ఇవి మట్టిలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది. పరీక్షను శరదృతువులోనే చేయించడానికి కారణం ఇదే. నాటే వారంలో సున్నం చల్లడం పరీక్ష రోజు పొద్దున పుస్తకం తెరిచినట్టే అవుతుంది.

రెండోది మట్టి గుల్లతనం. మంచి మట్టిని ఇడ్లీతో పోల్చుకోవచ్చు. బాగా పొంగిన ఇడ్లీని విరిచి చూస్తే లోపలంతా సన్నటి గదులు. మంచి మట్టిలోనూ సగానికి సగం ఖాళీయే ఉంటుంది. ఆ ఖాళీలో సగం నీరు, సగం గాలి ఉంటే వేరుకు పండగ. వేరు తాగడమే కాదు, ఊపిరి కూడా పీల్చాలి. అదే ఇడ్లీని అరచేత్తో నొక్కితే గదులు మూసుకుపోయి గట్టి ముద్దవుతుంది. తడి మట్టి మీద ఒక్కసారి నడిచినా అంతే. అందుకే ఈ మడుల్లో చెక్కపలకలు పరిచి, వాటి మీదే నడుస్తారు. అడుగు బరువు పలక పొడవునా పంచుకుపోతుంది, మట్టి గదులు చెదరవు.

మూడోది పచ్చిరొట్ట. వరి నాట్లకు ముందు మన రైతులు జీలుగ, జనుము చల్లి, పూతకు రాగానే పొలంలోనే కలియదున్నుతారు. చలి దేశాల గుమ్మడి పెంపకందారులు ఆ పనికి రై అనే ధాన్యపు గడ్డిని వాడతారు. పాత తీగలు పీకేయగానే అక్టోబరు ప్రాంతంలో చల్లితే అది మంచు కాలమంతా మట్టిని పట్టి ఉంచుతుంది. వసంతంలో దాన్ని దున్నితే వానపాములకు మేత అవుతుంది. కొందరు ఆవాలు చల్లుతారు. ఆవకాయకు ఆవపిండి కొట్టి తడి తగిలించగానే ముక్కుకెక్కే ఘాటు మనకు తెలుసు. ఆవ మొక్కను నలిపి తడిమట్టిలో కలిపితే అదే ఘాటు పుట్టి, వేరుకుళ్లు తెచ్చే బూజుల్లో కొన్నింటిని అణుస్తుంది.

పెంట ఎక్కువైతే పంట ఎక్కువా?

పెద్ద కాయ అంటే పెద్ద ఎరువుకుప్ప అని చాలామంది అనుకుంటారు. మాగిన పశువుల ఎరువు, ఆకు కుళ్లిన ఎరువు ఈ మడికి ప్రాణమే. అవి మట్టిని గుల్లగా ఉంచుతాయి, స్పాంజిలా నీటిని పట్టి ఉంచుతాయి, సూక్ష్మజీవులకు తిండి పెడతాయి. కానీ అతి అయితే అవే అడ్డం తిరుగుతాయి, మూడు రకాలుగా.

మొదటిది ఉప్పు. పచ్చి పెంటలో లవణాలు ఎక్కువ. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో వేస్తే మర్నాటికి ఊట ఊరుతుంది. ఆ నీళ్లు ఎవరూ పోయలేదు. ముక్కలోంచి ఉప్పే లాక్కుంది. మట్టిలో లవణం ఎక్కువైతే వేరుకూ అదే గతి. తాగవలసిన వేరు ఉన్న నీటిని కూడా వదులుకుంటుంది. చుట్టూ తడి ఉన్నా ఆకు అంచులు మాడతాయి. అందుకే పెంటను పూర్తిగా మాగనిచ్చి, మట్టి వాసన వచ్చాక, శరదృతువులోనే మడిలో కలుపుతారు.

రెండోది నత్రజని. ఇది ఎక్కువైతే తీగ ఏపుగా, ఆకులు గొడుగుల్లా కనిపిస్తాయి, పిందె మాత్రం పసుపు తిరిగి రాలిపోతుంది. మొక్క తన సంపాదనంతా తీగకే ఖర్చు పెట్టుకుంటుంది.

మూడోది భాస్వరం. ఇది మట్టిలో కదలకుండా ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఎక్కువైతే జింకు, ఇనుము లాంటి సూక్ష్మ పోషకాలను మొక్కకు అందనివ్వదు. మరో నష్టం కూడా ఉంది. గుమ్మడి వేళ్లతో కలిసి బతికే కొన్ని మేలుచేసే బూజులున్నాయి. మన రైతులకు ఇవి వ్యామ్ పేరుతో పరిచయం. శాస్త్రం వీటిని మైకోరైజా అంటుంది. వెంట్రుక కన్నా సన్నటి దారాలుగా సాగి, వేరు చేరలేని సందుల్లోకి దూరి భాస్వరం, నీరు తెచ్చి ఇస్తాయి. కూలిగా మొక్క నుంచి చక్కెర తీసుకుంటాయి. ఇంటి నిండా సరుకు ఉన్నవాడు కూలి ఇచ్చి సరుకు మోయించుకోడు కదా! మట్టిలో భాస్వరం నిండిపోతే మొక్క ఈ స్నేహాన్ని వదులుకుంటుంది.

మట్టికి ఏం వేయాలో చెప్పడంతో పరీక్ష కాగితం పని అయిపోదు. ఏం వేయకూడదో కూడా అదే చెబుతుంది. అనుభవం ఉన్నవారు ఆ రెండో భాగాన్నే జాగ్రత్తగా చదువుతారు.

నూట పాతికేళ్ల వంశం

ఇక గింజ సంగతి.

ఈ పెద్ద గుమ్మడి శాస్త్రీయ నామం కుకుర్బిటా మాక్సిమా. పుట్టిల్లు దక్షిణ అమెరికా. దాని అడవి బంధువు అర్జెంటీనా, ఉరుగ్వే ప్రాంతాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. దాని కాయ చిన్నది, గుప్పిట్లో ఇమిడేంత. పైగా చేదు. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల పాటు చేదు లేని కాయలను, పెద్ద కాయలను ఏరి, వాటి గింజలే దాచి విత్తుతూ వచ్చారు. టన్ను గుమ్మడికి మొదటి పెంపకందారులు ఆ పేరు తెలియని రైతులే.

1900లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనకు కెనడాలోని గోడరిచ్ అనే ఊరి నుంచి విలియం వార్నాక్ 400 పౌండ్ల కాయ తెచ్చాడు. అంటే 181 కిలోలు. కొన్నేళ్లకు అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో తన రికార్డును తానే మూడు పౌండ్లు దాటాడు. ఆ 403 పౌండ్ల రికార్డును డెబ్బై ఏళ్లకు పైగా ఎవరూ కదిలించలేకపోయారు.

ఆ తర్వాత కెనడాలోనే నోవా స్కోషియా రాష్ట్రంలో, విండ్సర్ అనే ఊళ్లో, హోవర్డ్ డిల్ అనే రైతు ఒక పని పట్టుదలగా చేశాడు. ఏ కాయ గింజ ఏ మొక్క అయింది, ఏ పువ్వు పుప్పొడి ఏ పువ్వుకు చేరింది అన్నది గమనిస్తూ, మంచి తల్లికీ మంచి తండ్రికీ ముడిపెడుతూ ఏళ్ల తరబడి ఎంపిక చేశాడు. 1979 నుంచి వరసగా నాలుగేళ్లు పోటీల్లో ఆయనే గెలిచాడు. 1981లో ఆయన కాయ 493.5 పౌండ్లు, అంటే 224 కిలోలు తూగింది. ఆయన రకానికి అట్లాంటిక్ జెయింట్ అని పేరు. ఈనాడు పోటీల్లో కనిపించే ప్రతి పెద్ద కాయా దాదాపుగా ఆ వంశానిదే.

అక్కడి నుంచి పరుగే. 1996లో వెయ్యి పౌండ్లు దాటింది. 2012లో రాన్ వాలస్ కాయ 2009 పౌండ్లతో రెండు వేల గడప దాటింది. 2014లో స్విట్జర్లాండ్‌కు చెందిన బెని మయర్ 1054 కిలోలతో టన్ను దాటించాడు. 2016లో బెల్జియం నుంచి 1190 కిలోలు, 2021లో ఇటలీ నుంచి 1226, 2023లో అమెరికా నుంచి 1247, 2025లో ఇంగ్లండు నుంచి 1278. వార్నాక్ నుంచి డిల్ దాకా ఎనభై ఏళ్లలో పెరిగింది నలభై కిలోలే. డిల్ తర్వాత నలభై నాలుగేళ్లలో బరువు దాదాపు ఆరు రెట్లయింది. ఎండ మారలేదు, పెంటా మారలేదు. వంశవృక్షం రాసిపెట్టుకోవడం, గింజలు ఒకరికొకరు పంచుకోవడం అలవాటయ్యాయి.

అయితే గింజ లోపల మారింది ఏమిటి? అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెస్సికా సావేజ్ బృందం ఈ ప్రశ్న వేసుకుంది. చిన్న కాయ కాసే పాత రకాన్నీ పెద్ద కాయ కాసే రకాలనూ పక్కపక్కన పెంచి పోల్చి చూశారు. పోటీ కోసం పెంచే మొక్కల నుంచి మడుల్లో తీసిన కొలతలనూ పరిశీలించారు. పెద్ద రకం ఆకు ఎక్కువ చురుగ్గా చక్కెర వండుతుందేమోనని చూస్తే తేడా కనబడలేదు. తేడా రవాణాలో ఉంది. మొక్కలో నీటిని పైకి తెచ్చే గొట్టాలు వేరు, ఆకు వండిన చక్కెర పాకాన్ని కాయకు చేర్చే గొట్టాలు వేరు. ఈ రెండో రకాన్ని కూటి గొట్టాలు అందాం, ఇంగ్లీషు పేరు ఫ్లోయమ్. పెద్ద రకాల ఆకు కాడల్లోనూ, కాయను పట్టుకునే తొడిమలోనూ ఈ కూటి గొట్టాల కణజాలం ఎక్కువగా ఉందని 2015లో వారు ప్రచురించారు. పువ్వులో కాయగా మారే అండాశయం నిర్మాణం కూడా వేరుగా ఉంది.

వంట చేసే చేతులు అవే, వడ్డించే చేతులు పెరిగాయి. రైతులు కాయ పరిమాణం చూసి గింజ ఏరుకున్నారు. తెలియకుండానే వారు ఏరింది వెడల్పాటి దారులను. ఇంత అందమైన సంగతి సూదిమందు కథలో ఎక్కడ దొరుకుతుంది?

గింజ జాతకం

పోటీ గింజకు పేరుంటుంది. కాయ బరువు, పండించిన వారి ఇంటిపేరు, పండిన సంవత్సరం కలిపి పిలుస్తారు. '2009 వాలస్ 2012' అంటే 2012లో వాలస్ పండించిన 2009 పౌండ్ల కాయలోంచి తీసిన గింజ. దాని వెంట తల్లిదండ్రుల పేర్లూ రాస్తారు. తల్లి అంటే కాయ కాసిన మొక్క మొలిచిన గింజ. తండ్రి అంటే పుప్పొడి ఇచ్చిన మొక్క.

తండ్రి పేరు ఖాయంగా రాయాలంటే తేనెటీగ కన్నా ముందు లేవాలి. గుమ్మడి తీగ మీద ఆడపువ్వు, మగపువ్వు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు కింద గోలీకాయంత పిందె ముందే ఉంటుంది. మగపువ్వుకు సన్నటి కాడే. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ముందటి సాయంత్రమే కొసన పసుపు తేలుతుంది. ఆ సాయంత్రం దాని మూతి దారంతో మెల్లగా కడతారు. తెల్లవారుజామున, ఇంకా మంచు తడి ఆరకముందే, కోరుకున్న మగపువ్వు తెచ్చి రేకులు తుంచేస్తారు. పుప్పొడి నిండిన మొనను ఆడపువ్వు లోపలి తమ్మెల మీద ఒక్కొక్కదానికీ అద్దుతారు. తమ్మెలు నాలుగో ఐదో ఉంటాయి, దేన్నీ వదలరు. మళ్లీ మూతి కట్టేసి, కాడకు చీటీ తగిలిస్తారు. పది నిమిషాల పని. ఆ గింజల జాతకం ఆ పది నిమిషాల్లో రాసినట్టే.

గింజలు ఎంచుకునేటప్పుడు కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. అందరికన్నా బరువైన కాయ గింజే అందరికన్నా మంచిదనుకుంటారు. ఊళ్లో ఎక్కువ పాలిచ్చే గేదెను కొనేటప్పుడు తెలివైన రైతు దాని పాలు మాత్రమే చూడడు, దాని పెయ్యలు ఎన్ని పాలిస్తున్నాయో అడుగుతాడు. గుమ్మడిలోనూ అంతే. ఒక కాయ పెద్దదవడానికి ఆ ఏటి వాతావరణం, ఆ మడి మట్టి కారణం కావచ్చు. అవి గింజలోకి ఎక్కవు. దాని గింజలు వేరే ఊళ్లలో, వేరే చేతుల్లో ఎలాంటి కాయలిచ్చాయో చూస్తే అసలు గుణం తెలుస్తుంది. 2015లో అందరికన్నా బరువైన కాయ 2230 పౌండ్లది. మరుసటి ఏడు ప్రపంచ రికార్డు కొట్టిన బెల్జియం కాయ మాత్రం దాని గింజ కాదు. అదే ఏడు పండిన 2145 పౌండ్ల కాయ గింజ అది.

ఇంకొకటి, అంచనాను మించిన బరువు. కాయ చుట్టుకొలత, పైనుంచి అడ్డంగా నిలువుగా కొలతలు తీసుకుని పట్టికలో చూస్తే ఎంత తూగాలో తెలుస్తుంది. కొన్ని కాయలు ఆ అంచనా కన్నా ఎక్కువ తూగుతాయి. లోపలి కండ మందంగా ఉందని అర్థం. ఆ గుణం ఉన్న వంశానికి గిరాకీ ఎక్కువ. పగుళ్లకు తట్టుకునే గుణమూ అంతే ముఖ్యం. ఎంత పెద్ద కాయైనా లోపలి బోలు దాకా పగులు పడితే పోటీలో లెక్కకు రాదు.

ఒకే మొక్క పుప్పొడి దాని పువ్వుకే అద్దితే? ఇది మేనరికం లాంటిది, దానికన్నా దగ్గరి సంబంధం. ఇంట్లో ఉన్న మంచి గుణం గట్టిపడుతుంది, దాగి ఉన్న లోపమూ బయటపడుతుంది. దూరపు వంశంతో కలిపితే కొత్త బలం రావచ్చు, పాత గుణం చెదిరిపోనూ వచ్చు. ఒకే కాయలోని గింజలన్నీ ఒక్కలా ఉండవు. ఒక తల్లి పిల్లలైనా రూపు, బుద్ధి వేరు కదా! అందుకే ఎంత పేరున్న గింజైనా ఒకటి మొలిపించి ఊరుకోరు. నాలుగైదు మొలిపించి, చురుకైన మొక్కను ఉంచుకుంటారు.

గింజ మట్టిని కలిసే రోజు

ఈ గింజ మన కూర గుమ్మడి గింజకు రెండింతలుంటుంది. పెంకు దళసరి. చలిదేశాల్లో ఏప్రిల్ నెలలో ఇంట్లోనే మొలకెత్తిస్తారు. గింజ అంచులను సన్నటి ఆకురాయితో కొద్దిగా అరగదీస్తారు, నీరు లోపలికి తేలిగ్గా దిగాలని. మొనను మాత్రం తాకరు. వేరు బయటికి వచ్చే తలుపు అదే. గంటసేపు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మొన కిందికి ఉండేలా కుండీలో గుచ్చుతారు. 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే వారం లోపే మొలక తల ఎత్తుతుంది.

రెండు బద్ద ఆకుల మధ్య నుంచి మొదటి అసలు ఆకు వచ్చాక మొక్కను మడిలోకి మారుస్తారు. ఇక్కడ అనుభవం నేర్పిన చిట్కా ఒకటుంది. తల్లితీగ సాధారణంగా ఆ మొదటి ఆకుకు ఎదురు దిక్కున సాగుతుంది. కాబట్టి తీగ ఎటు పోవాలనుకుంటారో ఆకును దానికి వెనకవైపు తిప్పి నాటుతారు. మొదటి వారాల్లో చలి తగలకుండా మీద ప్లాస్టిక్ పందిరి వేస్తారు. తల్లితీగ మూడు మీటర్లు దాటాక వచ్చిన పిందెనే నిలుపుతారు. అప్పటికి దాని వెనక కావలసినన్ని ఆకులు, వేళ్లు సిద్ధంగా ఉంటాయి. చివరికి ఒక్క కాయను ఉంచి మిగతా పిందెలన్నీ తుంచేస్తారు. నూరు గజాల మడి వంటంతా ఒక్క విస్తట్లోకే.

మన పెరట్లో కాస్తుందా?

ఇప్పుడు రెండో ప్రశ్న. రికార్డులన్నీ భూమధ్యరేఖకు దూరంగా, చల్లటి దేశాల్లోనే వస్తున్నాయి. అక్కడ వేసవి పగలు పదిహేను, పదహారు గంటలు. హైదరాబాదులో ఎంత పొడవైన పగలైనా పదమూడు గంటలే. పగలు ఆకు వండిన చక్కెరలో కొంత మొక్క తన ఊపిరికి ఖర్చు చేస్తుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. మన వేసవి రాత్రుల్లో పగటి సంపాదన అక్కడికన్నా ఎక్కువగా కరిగిపోతుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గి పిందెలు రాలతాయి. ఆ గింజ ఇక్కడ మొలుస్తుంది, కాయ కూడా కాయవచ్చు. టన్ను మాత్రం ఆశించకూడదు.

అయితే ఈ విద్యలో మనం తెచ్చుకోవలసింది ఆ గింజ ఒక్కటే కాదు. మన తియ్య గుమ్మడికి మన ఎండ తెలుసు. దానికి పాదు బదులు వెడల్పాటి మడి చేసి, మట్టి పరీక్ష చేయించి, మాగిన ఎరువే వేసి, కణుపులు మట్టిలో పూడ్చి, తీగకు రెండు కాయలే ఉంచి చూడండి. గింజలు బూడిదలో కలిపి కుండలో దాచే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఆ కుండకు ఒక చీటీ కట్టండి. కాయ ఎన్ని కిలోలు, ఏ ఏడాది, ఏ పాదు అని రాయండి. వచ్చే ఏడు మీ చేతిలో ఉన్నది ఊరికే గింజ కాదు, ఒక వంశంలో మొదటి పేరు.

పోటీ ముగిశాక పెద్ద గుమ్మడిని పెంపకందారులు ఏం చేస్తారో చెప్పి ఈ అధ్యాయం ముగిస్తాను. రంపం లాంటి కత్తితో పక్కన కిటికీలా కోస్తారు. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, చల్లటి పీచు మధ్య నుంచి గింజలు తడిమి తీస్తారు. కొన్ని కాయల్లో వందల్లో ఉంటాయి, కొన్నింట్లో పట్టుమని పది కూడా దొరకవు. కడిగి, ఆరబెట్టి, చిన్న కవర్లలో వేసి, బరువు, పేరు, సంవత్సరం రాస్తారు. మిగిలిన టన్ను కండను పశువులకు పెడతారు, లేదా ముక్కలు చేసి ఎరువుకుప్పలో వేస్తారు. చలికాలంలో అది మాగి, వసంతానికి నల్లటి మట్టిగా మడిలోకి వెళ్తుంది. క్రేను మోసిన ఆ కాయలో చివరికి మిగిలేవి చేతిలో ఇమిడే కవరు, మడిలో కలిసిన ఎరువు. తర్వాతి కాయ ఆ రెండింటి నుంచే మొదలవుతుంది.